ఎడమవైపు రబ్బరు

బ్రేకు మీద కాలు తీయకుండా మొదటి గేరు వేసి, క్లచ్ మెల్లగా వదలమన్నాడు తుర్దుమమత్. క్యాబిన్‌లో కూర్చున్న తాబల్డి అలాగే చేశాడు. బానెట్ కింద ఇంజిను ఒకసారి వణికి, ఎడమ పక్కన నాలుగు వేళ్ల ఎత్తు లేచింది. కుడి పక్క కుంగింది. ఫ్యాను రెక్క రేడియేటర్ని గీరిన చప్పుడైంది.

ఇక చాలు, ఆపమన్నాడు ముసలాయన.

జబ్బు తేలిపోయినా ఆయన తన పద్ధతి మానలేదు. ఇనప కడ్డీని ఇంజినుకీ చాసిస్‌కీ మధ్య దూర్చి ఎత్తి చూశాడు. ఇంజిను బరువును మోసే రబ్బరు దిమ్మ తన ఇనప రేకు నుంచి పూర్తిగా ఊడిపోయి ఉంది. ఈ దిమ్మలు ముందు రెండు, వెనక రెండు ఉంటాయి. డ్రైవర్లు వాటిని దిండ్లు అంటారు. ముందువైపు ఎడమ దిండు నెర్రెలో అగ్గిపెట్టె పట్టేంత సందుంది. గోటితో గిల్లితే ఎండిన పెరుగుబిళ్లలా పొడి రాలింది. మిగతా మూడూ మెత్తగానే ఉన్నాయి.

కొక్‌సాయ్ ఊళ్లో అందరూ తుర్దుమమత్‌ని ఉస్తా అనే పిలుస్తారు. పనితనం తెలిసిన మేస్త్రీలకే ఆ పిలుపు దక్కుతుంది. అరవై ఒకటో ఏడు. సైన్యం నుంచి తిరిగొచ్చిన ఏడాదే ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రం లారీల షెడ్డులో చేరాడు. అప్పుడక్కడ నలభై లారీలుండేవి. తర్వాత దేశమే ముక్కలైపోయింది, క్షేత్రమూ పోయింది, లారీలు ఎవరికి అందినవి వాళ్లు తోలుకుపోయారు. షెడ్డు మాత్రం ఆయనకి మిగిలింది. జీతమిచ్చేవాడు లేకపోయినా రోజూ ఎనిమిదింటికి వచ్చి తలుపు తీశాడు. ఇంజిను చప్పుడు విని, బానెట్ ఎత్తకముందే జబ్బు చెప్పగలడని పేరు. ఆ పేరంటే ఆయనకి ఇష్టం. ఎదుటివాడు తప్పు చెబితే సరిదిద్ది ఊరుకునేవాడు కాదు, నలుగురిలో నవ్వించి వదిలేవాడు.

ఆ నవంబరు ఉదయం మాత్రం ఆయన నవ్వించే స్థితిలో లేడు. కిజిల్‌బెల్ కనుమకి అవతల, శీతాకాలపు మేతబయళ్లలో, ఆయన తమ్ముడు కల్మాత్, మరదలు సాయ్‌కాల్ మూడు వందల నలభై గొర్రెలతో చిక్కుకుపోయారు. ఆ గొర్రెలు కొక్‌సాయ్‌లోని ముప్పై ఒక్క ఇళ్లవి. మంచు రెండు వారాలు ముందే పడింది. ఒక ఎండకి పైపైన కరిగి, మర్నాటికి గడ్డకట్టి, గడ్డి మీద గాజుపలకలా కూర్చుంది. గొర్రె డెక్కకి అది పగలదు. దాన్ని జుత్ అంటారు. ఈ లోయలో ఆ మాటని ఎవరూ గొంతెత్తి అనరు. కల్మాత్ ఫోను పనిచేసే గుట్ట ఎక్కి, ముందురోజు మధ్యాహ్నం అన్నకి కబురు చెప్పాడు. సగం సగం వేస్తున్నా మేత ఇంకో రెండు రోజులకే వస్తుందన్నాడు. ఇంకేమీ చెప్పకుండా పెట్టేశాడు.

ఊరంతా గంటలో గడ్డి మోసుకొచ్చి తాబల్డి లారీ నింపారు. ఎనిమిది బస్తాల బార్లీ కూడా వేశారు. తాబల్డి బయలుదేరి కనుమ మూడో మలుపు దగ్గర గేరు మార్చగానే ముందు నుంచి పెద్ద దెబ్బ వినిపించింది. ఫ్యాను రేడియేటర్లోకి దిగి రెండు గొట్టాలు కోసింది. ఇంజిను ఆపి, వాలులో బండిని దొర్లించుకుంటూ వెనక్కి వచ్చాడు. గొట్టాలకి ఉస్తా పొద్దున్నే మాటు వేశాడు. కానీ దిండు లేకుండా కనుమ ఎక్కితే మళ్లీ అదే జరుగుతుంది. రేపటి నుంచి మళ్లీ మంచని వాతావరణ కబురు. అది పడితే కనుమ మార్చి దాకా మూతే. కొత్త దిండు దొరికే బజారు నారిన్ పట్నంలో ఉంది. అది కనుమకి సరిగ్గా ఎదురు దిక్కు. పోవడానికి ఒక రోజు, రావడానికి ఒక రోజు.

పాత టైరు కోసి పెడదామన్నాడు తాబల్డి. ముప్పై అయిదేళ్ల మనిషి, చేతులు ఊరికే ఉండనివ్వడు. ఉస్తాకి నమ్మకం లేకపోయినా కాదనలేదు. ఇద్దరూ కలిసి టైరు ముక్కలు మూడు వరసలు పేర్చి బోల్టు బిగించారు. రెండు గంటలు పోయాయి. మళ్లీ క్లచ్ వదిలితే ఇంజిను మళ్లీ లేచింది. టైరు ముక్క బరువైతే మోస్తుంది గానీ, పైకి లేచే ఇంజినుని పట్టి ఉంచదు. గొలుసుతో చాసిస్‌కి కట్టేద్దామన్నాడు తాబల్డి.

"కట్టు. రెండో మలుపు దాకా గొలుసు పట్టుకుంటుంది. ఆ తర్వాత ఇంజినుని పట్టే చెవిని కూడా పీకేస్తుంది. అప్పుడు వెనక్కి దొర్లి రావడానిక్కూడా ఉండదు" అన్నాడు ఉస్తా.

అలాంటి లారీలు ఊళ్లో ఇంకో రెండున్నాయి. మొదటిది బడి పక్కన ఉండే బొగ్గు లారీ. దాని యజమాని అడగకుండానే బానెట్ ఎత్తాడు. ఉస్తా కడ్డీ పెట్టి ఎత్తాడు. ఎడమ దిండు నెర్రెలిచ్చి ఉంది. కుడిది మెత్తగా ఉంది.

"ఉస్తా, ఇది కూడా ఎడమదే పోయింది" అన్నాడు తాబల్డి.

 కుడి దిండు ఎడమకి పనికిరాదు. బోల్టు కన్నాలు అద్దంలో చూసినట్టు తారుమారుగా ఉంటాయి. కానీ ఉస్తా ఆలోచిస్తున్నది అది కాదు. వంగి ఆయిల్ చాంబర్ చూశాడు. ఎడమ పక్క మసితో నల్లగా ఉంది. ఆ మసి చాంబర్ దగ్గర ఆగలేదు. చాసిస్ లోపలి అంచు మీదుగా పాకి దిండు దాకా పోయింది.

ఈ చలిలో ఇంజిను ఆయిలు రాత్రికి మైనంలా బిగుసుకుపోతుంది. పొద్దున్నే కిరసనాయిలు బ్లోల్యాంపు వెలిగించి, చాంబర్ కింద అరగంట మంట పెట్టందే ఏ బండీ కదలదు. ఆ మంట ఎడమ పక్క నుంచే పెట్టాలని రూలు పెట్టింది తుర్దుమమతే. షెడ్డులో చేరిన నాలుగో ఏడు ఒకడు కుడి పక్క నుంచి పెట్టాడు. అక్కడున్న పెట్రోలు పంపు అంటుకుని, బండి కాలి, వాడి రెండు చేతులూ కాలాయి. అప్పటి నుంచి ఎడమ పక్కే. కొత్తగా వచ్చిన ప్రతి డ్రైవరుకీ ఆయనే దగ్గరుండి చూపించాడు. ముప్పై నాలుగేళ్లుగా ఈ లోయలో ప్రతి చలికాలం, ప్రతి పొద్దున, ప్రతి లారీ ఎడమ దిండుకీ అరగంట సెగ తగులుతూనే ఉంది. దిండ్లు పోతే రబ్బరు మంచిది కాదని ఫ్యాక్టరీలని తిట్టాడు. బండి మోటుగా నడుపుతున్నారని డ్రైవర్లని తిట్టాడు. ఎప్పుడూ ఎడమదే ఎందుకు పోతుందని అడిగితే, ఇంజిను ఎగిరేది ఎడమకే కదా అని చెప్పేవాడు. అది కూడా నిజమే. ఆ నిజం చాటున రెండోది ఆయనకి కనపడలేదు.

ఈ సంగతి ఒకడు ఆయనకి పదేళ్ల కిందే చెప్పాడు. సెయిత్.

సెయిత్ తన లారీకి మంట పెట్టేవాడు కాదు. సాయంత్రం రేడియేటర్లో నీళ్లు దించేసి, ఇంజినుని కంబళితో చుట్టేవాడు. పొద్దున రెండు సమోవార్ల మరిగే నీళ్లు పోసి స్టార్ట్ చేసేవాడు. గంట పట్టేది. ఒక పెళ్లి విందులో ఉస్తా పక్కనే కూర్చుని, ఆ మంట రబ్బరుని వండేస్తోంది, ఎడమ పక్క చెయ్యి పెట్టి చూడు అన్నాడు. ఉస్తా విందంతా వినేలా, సెయిత్ లారీకి పొద్దున్నే టీ పోస్తాడు, రేపోమాపో రొట్టె కూడా తినిపిస్తాడు అన్నాడు. నలభై మంది నవ్వారు. ఆ రోజు నుంచి అతను టీ సెయిత్ అయ్యాడు. పోయిన డిసెంబరులో గుండె ఆగి పోయేదాకా అదే పేరు.

ఊళ్లో మిగిలిన మూడో లారీ అతనిదే.

దాన్ని ఏడాదిగా ఎవరూ ముట్టుకోలేదు. ఇప్పుడది కదిలే స్థితిలో లేదు, పనికొచ్చేది దాని దిండే. మగవాడు పోతే అతను ఎక్కిన గుర్రం తోక కత్తిరించి, సంవత్సరీకం విందు దాకా ఎవరినీ ఎక్కనివ్వకపోవడం ఇక్కడి పాత ఆచారం. సెయిత్‌కి గుర్రం లేదు. అతని భార్య ఊల్‌కాన్ లారీ మీద టార్పాలిన్ కప్పి, డ్రైవరు సీటు మీద అతని గొర్రెతోలు కోటు పరిచింది. మొదట్లో కొందరు నవ్వుకున్నారు గానీ ఎవరూ వద్దనలేదు. విందుకి ఇంకా ఇరవై ఆరు రోజులున్నాయి.

తాబల్డి తాను వెళ్లి అడుగుతానన్నాడు. ఆవిడ తనకి వరసకి పిన్ని అవుతుందట. ఉస్తా వద్దని, అతన్ని వెంటబెట్టుకుని తనే వెళ్లాడు.

ఊల్‌కాన్ వాకిట్లో పిడకలు పేరుస్తోంది. అడిగింది విని, చేతులు దులుపుకుని, వాళ్లని కూర్చోమని కూడా అనలేదు. ఇంటికొచ్చిన మనిషిని నిలబెట్టి మాట్లాడటం కొక్‌సాయ్‌లో జరగదు. తాబల్డి తల దించుకున్నాడు.

"టీ సెయిత్ అన్న పేరు పెట్టింది మీరే కదా ఉస్తా?"

"నేనే."

"ఆయన ఇంటికొచ్చి చెప్పి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు."

ఉస్తా టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. సెయిత్ చెప్పింది నిజమన్నాడు. ముప్పై ఏళ్లకి పైగా ఊరి బండ్లన్నిటినీ తానే కాల్పించానన్నాడు. ఇప్పుడు లోయ మొత్తంలో కాలని ఎడమ దిండు ఆయన బండిలో ఒక్కటే ఉందన్నాడు.

"ఇది నాకు చెప్పి ఏం లాభం? ఆ రోజు నవ్వినవాళ్లకి చెప్పండి."

"చెబుతాను."

ఆవిడ టార్పాలిన్ వైపు చూసింది. మందలో ఆవిడవి కూడా తొమ్మిది గొర్రెలున్నాయి. తాబల్డి అది గుర్తు చేయబోతే చెయ్యెత్తి ఆపింది.

"నా గొర్రెల కోసం ఇస్తున్నానని ఊళ్లో చెప్పకు. ఆయన పోయాక నలభై రోజులు నా పక్కన పడుకున్నది సాయ్‌కాల్. ఇవాళ అది ఆ గుడిసెలో ఉంది. అందుకు ఇస్తున్నా. అవసరమైతే ఆయనతో నేను మాట్లాడుకుంటా."

ముందు తనే క్యాబిన్ ఎక్కింది. కోటు తీసి, మడిచి, చంకలో పెట్టుకుని దిగింది. ఇక విప్పుకోండి అంది.

ఉస్తా చాంబర్ కింద పలక పెట్టి, దాని కింద జాకీ పెట్టాడు. ఇంజిను బరువు దిండు మీద నుంచి తప్పేంత వరకే ఎత్తాడు. నాలుగు బోల్టుల్లో మూడు వచ్చాయి. నాలుగోది తుప్పుకి బిగుసుకుపోయింది. కిరసనాయిలు పోసి సుత్తితో తట్టారు, పానాకి గొట్టం తొడిగి ఇద్దరూ వేలాడారు. అది కదల్లేదు. తాబల్డి అలవాటుకొద్దీ సంచిలోంచి బ్లోల్యాంపు తీశాడు. ఉస్తా ఆ చెయ్యి పట్టుకున్నాడు. మంట తగిలితే ఏ రబ్బరు కోసం వచ్చారో అదే పోతుంది. బోల్టు తల తెగితే డ్రిల్లు పెట్టాలి, దానికి సాయంత్రం అవుతుంది, ఈ పూట బయలుదేరకపోతే ఇక బయలుదేరేది లేదు.

వాళ్లు అలా నిలబడి ఉండగానే ఊల్‌కాన్ లోపలికెళ్లి సమోవారు మోసుకొచ్చింది. పక్కకి జరగమని, మరిగే నీళ్లు బోల్టు మీద సన్నటి ధారగా పోసింది. అది అయ్యాక మళ్లీ నింపి తెచ్చింది.

"ఈ బండికి టీ అలవాటే" అన్నాడు తాబల్డి, నోరు ఊరుకోక.

"పాలు పొయ్యలేదులే, భయపడకు" అంది ఆవిడ.

మూడో సమోవారుకి బోల్టు కిర్రుమని పావు చుట్టు తిరిగింది. ఉస్తా దాన్ని తొందరపెట్టలేదు. కొంచెం విప్పి, కొంచెం బిగించి, మళ్లీ విప్పి బయటికి తీశాడు. చేతికొచ్చిన దిండుని బొటనవేలితో నొక్కాడు. లోపలికి వెళ్లి తిరిగి లేచింది. ఇరవై రెండేళ్ల కిందటి రబ్బరు. ఆయన దాన్ని ఊల్‌కాన్ వైపు చూపించాడు. ఆవిడ చూడలేదు. ఖాళీ సమోవారు తీసుకుని ఇంట్లోకి వెళ్లిపోయింది.

షెడ్డులో దాన్ని ఎక్కించడానికి ముప్పావు గంట పట్టింది. నాలుగు బోల్టులూ ముందు చేత్తో పట్టించాడు. జాకీ దించి ఇంజినుని దాని బరువు మీద అదే కుదురుకోనిచ్చాక పానాతో బిగించాడు. క్లచ్ వదిలి చూస్తే ఒక వేలి ఎత్తు లేచింది. అంతమాత్రం ఉండాలి.

అప్పటికి షెడ్డు వాకిట్లో పదిహేను మంది దాకా చేరారు. ఇళ్లలో మిగిలిన గడ్డి తెచ్చి లారీ పైన ఇంకా కడుతున్నారు. ఉస్తా చేతులు తుడుచుకుంటూ, ఇక మీదట ఎవరూ ఎడమ పక్క మంట పెట్టొద్దని చెప్పాడు. అది తన తప్పని, సెయిత్ చెప్పినప్పుడు విననందుకే నిన్న బండి ఆగిపోయిందని చెప్పాడు. గొంతు పెంచలేదు, అలాగని తగ్గించనూ లేదు.  బొగ్గు లారీ యజమాని, మరి రేపు పొద్దున్న ఎలా స్టార్ట్ చెయ్యాలని అడిగాడు.

"టీ పొయ్యండి" అన్నాడు ఉస్తా.

ఇద్దరు ముగ్గురు తలలూపారు. ముసలాయనకి మతి తప్పుతోందని వెనక నుంచి ఎవరో అన్నారు. ఆయన విన్నాడు. తాబల్డి పక్కన ఎక్కి కూర్చున్నాడు. దారిలో ఏదైనా తెగితే చూసుకోవడానికి ఇంకెవరూ లేరు.

మూడో మలుపు దగ్గర తాబల్డి గేరు మార్చే ముందు ఆయన వైపు చూశాడు. ఉస్తా కళ్లు మూసుకుని వింటున్నాడు. గేరు పడింది. దెబ్బ వినిపించలేదు. ఆ తర్వాత పధ్నాలుగు మలుపులు. రెండు చోట్ల దిగి పారతో మంచు తవ్వారు. ఒక చోట వెనక చక్రాలు అంచు మీదికి జారితే, తాబల్డి స్టీరింగు అలాగే పట్టుకుని ఉండగా ఉస్తా చక్రాల కింద గడ్డిమోపులు రెండు తెచ్చి తొక్కించాడు. అవి అక్కడే మట్టిలో కలిసిపోయాయి. తీసుకుపోతున్న మేతలో ఆ రెండూ పోయాయని ఇద్దరికీ తెలుసు. చీకటి పడ్డాక కనుమ అవతల ఆగి, ఇంజిను ఆపకుండా క్యాబిన్‌లోనే కూర్చున్నారు. తెల్లవారి మళ్లీ కదిలారు.

కల్మాత్ గుడిసె కనిపించేసరికి పది దాటింది. గుడిసెకి గాలి తగిలే పక్కన గోడలాంటిదేదో ఉంది. దగ్గరికి వెళ్లాక అవి చచ్చిన గొర్రెలని తెలిసింది. గడ్డకట్టిపోయినవాటిని దుంగల్లా పేర్చి, మిగిలినవాటికి గాలి అడ్డం పెట్టారు. బతికినవి దొడ్లో ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడ్డాయి. వీపుల మీద మచ్చలు మచ్చలుగా చర్మం కనపడుతోంది. ఆకలికి ఒకదాని ఉన్ని ఒకటి పీక్కు తిన్నాయి.

కల్మాత్ అన్నని కౌగిలించుకోలేదు. లారీ మీదికెక్కి బస్తాలు తడిమి చూశాడు.

"బార్లీ విప్పొద్దు. వాసన తగిలితే దొడ్డి విరుచుకుని వస్తాయి. ఖాళీ కడుపుల్లో గింజ పడితే ఉబ్బి చస్తాయి" అన్నాడు. ఎన్ని పోయాయని ఉస్తా అడిగాడు. నిన్నటికి డెబ్బై ఆరు, ఇవాళ ఇంకా లెక్క చూడలేదన్నాడు కల్మాత్.

సాయ్‌కాల్ బలం లేనివాటిని ఒక్కొక్కటిగా గుడిసెలోకి ఈడ్చుకుపోయి, పిడికెడు పిడికెడు గడ్డి నోటికి అందిస్తోంది. మిగిలినవాటికి దొడ్డి పొడవునా పల్చగా చల్లాలి. ఒక్కోదానికి రెండు పిడికిళ్లు, సాయంత్రం మళ్లీ రెండు. అంతకు మించి తింటే అది కూడా చావే. ఎండుగడ్డి వాసన తగలగానే మంద అంతా ఒకేసారి కదిలింది. బలమున్నవి బలం లేనివాటిని తొక్కి ముందుకొచ్చాయి. తాబల్డి, కల్మాత్ గడ్డి చల్లుతున్నారు. ఉస్తా చేతికి ఒక కర్ర ఇచ్చి మధ్యలో నిలబెట్టారు.

ఒక ముసలి గొర్రె ఆయన మోకాళ్ల మధ్య తల దూర్చింది. ఆయన దాన్ని చేత్తో నెట్టాడు. మళ్లీ వచ్చింది. మూడోసారి అది గడ్డి అందుకోబోతుంటే ఆయన పక్కకి తప్పుకోబోయాడు.

"కొట్టు అన్నా" అన్నాడు కల్మాత్ వెనక నుంచి. "జాలిపడ్డావంటే దాన్ని నువ్వే చంపినట్టు."

ఆయన కొట్టాడు. అది వెనక్కి తగ్గి, నిలబడి, మళ్లీ వచ్చింది.

లారీలో ఉన్నది ఇలా వేస్తే ఎన్ని రోజులకి సరిపోతుందని తాబల్డి అడిగాడు. కల్మాత్ మోపుల వైపు చూసి పదకొండు అన్నాడు. కనుమ వైపు ఆకాశం అప్పటికే కొండల అంచు కనపడకుండా తెల్లబడింది. మార్చి దాకా కనుమని మూసేసే మంచు మొదటి పలుకులు గొర్రెల వీపుల మీద, ఉన్ని లేని చోట్ల పడి కరుగుతున్నాయి. తుర్దుమమత్ కర్ర రెండో చేతికి మార్చుకుని, ముందుకొచ్చినవాటిని కొడుతూనే ఉన్నాడు.